ఇద్దరు పిల్లలకూ సికిల్ సెల్, కానీ హెచ్‌బీఎఫ్ ఒకరికి 10, ఒకరికి 23. ఎందుకిలా?

ఉట్నూరు_నాన్న
నాకు ఇద్దరు పిల్లలు. బాబుకు 14, పాపకు 9. ఇద్దరికీ సికిల్ సెల్ జబ్బే ఉంది, ఉత్త క్యారియర్లు (మార్పు ఒక ప్రతిలోనే ఉండి జబ్బు లేనివాళ్లు) కాదు. నేను, నా భార్య ఇద్దరం క్యారియర్లమని బాబుకు జబ్బు బయటపడ్డాకే తెలిసింది. అప్పుడు ఒక పెద్దాయన "నలుగురిలో ఒకరికి వస్తుంది, మీకు ఒకరికి వచ్చేసింది కాబట్టి ఇంక రెండో బిడ్డకు రాదు" అని ధైర్యం చెప్పాడు. నమ్మాం.

ఇప్పుడు నా బాధ వేరే. బాబుకు ప్రతి చలికాలం రెండు మూడుసార్లు నొప్పులు వస్తాయి. ఆదిలాబాద్ చలి తెలుసు కదా. మొన్న రాత్రి రెండు గంటలకు లేచి పిక్కలు పట్టుకుని గోడకు ఆనుకుని కూర్చున్నాడు. లేపితే మేం భయపడతామని పొద్దున దాకా చెప్పలేదు. పాపకేమో ఏడాదికి ఒకసారి జ్వరం వస్తే ఎక్కువ. స్కూల్లో ఖోఖో ఆడుతుంది. దాంతో మా అమ్మ, చుట్టాలు "ఇద్దరిదీ ఒకటే జబ్బు కదా, అది ఎగురుతూ తిరుగుతోంది, వీడు బడి ఎగ్గొట్టడానికి నటిస్తున్నాడు" అంటారు. వాడు వింటాడు. మారు మాట్లాడడు, దుప్పటి మొహం మీదికి లాక్కుంటాడు.

ఇద్దరికీ హెచ్‌పీఎల్‌సీ టెస్టు (రక్తంలో ఏ రకం హీమోగ్లోబిన్ ఎంత శాతం ఉందో చూసేది) చేయించాం. బాబుకు హెచ్‌బీఎస్, అంటే సికిల్ హీమోగ్లోబిన్, 84 శాతం, హెచ్‌బీఎఫ్ 10. పాపకు హెచ్‌బీఎస్ 71, హెచ్‌బీఎఫ్ 23. డాక్టరు గారు పాప కాగితం మీద 23 చుట్టూ పెన్నుతో గుండ్రంగా గీసి "ఈమెను కాపాడుతున్నది ఇదే" అన్నారు. బయట జనం చాలామంది ఉన్నారు, ఇంకేమీ అడగలేకపోయాను. ఏమిటా హెచ్‌బీఎఫ్? ఒక తల్లి పిల్లలకే ఇంత తేడా ఎందుకు? మా వాడికి అర్థమయ్యేలా చెప్పాలి. దయచేసి ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

రక్తబిందువు
ల్యాబ్‌లో పని చేస్తాను, రోజూ ఈ కాగితాలే చూస్తాను. ముందు మూడు విషయాలు చెప్పండి. టెస్టుకు ముందు మూడు నెలల్లో ఎవరికైనా రక్తం ఎక్కించారా? ఇద్దరిలో ఎవరైనా హైడ్రాక్సీయూరియా (హెచ్‌బీఎఫ్‌ను పెంచే మందు) వాడుతున్నారా? రిపోర్టులో హెచ్‌బీఏ (పెద్దవాళ్ల మామూలు హీమోగ్లోబిన్) అని ఏమైనా ఉందా? ఇవి తెలియకుండా రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టి పోల్చకూడదు.

ఉట్నూరు_నాన్న
రక్తం ఎక్కించలేదు మేడం. టెస్టు నాటికి ఇద్దరికీ ఆ మందు మొదలుపెట్టలేదు. హెచ్‌బీఏ కాలమ్‌లో ఇద్దరికీ ఏమీ లేనట్టే రాశారు.

రక్తబిందువు
అయితే అంకెలు నమ్మవచ్చు. హెచ్‌బీఎఫ్ అంటే కడుపులో ఉన్నప్పుడు బిడ్డ తయారుచేసుకునే హీమోగ్లోబిన్. తల్లి రక్తం నుంచి ఆక్సిజన్‌ను లాక్కోవాలి కాబట్టి దానికి పట్టు ఎక్కువ. పుట్టాక ఆరేడు నెలల్లో అది తగ్గిపోయి పెద్దవాళ్ల హీమోగ్లోబిన్ వచ్చేస్తుంది. మామూలు పెద్దవాళ్లలో ఒక శాతం లోపే మిగులుతుంది. సికిల్ సెల్ ఉన్నవాళ్లలో ఎక్కువ మిగలడం ఉంది. ఎంత మిగిలితే అంత మేలు.

నిమ్మచెట్టు
అది ఎక్కువ ఉంటే నొప్పి ఎందుకు తగ్గుతుంది? అది కూడా రక్తమే కదా.

జన్యుపథం
హీమోగ్లోబిన్‌లో రెండు ఆల్ఫా గొలుసులు, రెండు బీటా గొలుసులు ఉంటాయి. సికిల్ సెల్‌లో బీటా గొలుసు ఆరో స్థానంలో గ్లూటమిక్ ఆసిడ్ బదులు వాలీన్ వస్తుంది. 1950ల్లో వెర్నన్ ఇంగ్రామ్ కనిపెట్టింది అదే. ఈ హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను వదిలేయగానే ఒకదానికొకటి అతుక్కుని పొడవాటి పోగుల్లా పేనుకుంటుంది. కణం లోపల నులకతాడు పేనినట్టు. దాంతో మెత్తగా ఉండాల్సిన కణం కొడవలిలా వంగి గట్టిపడి సన్న రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది. ఆ నొప్పే మీ బాబు పిక్కల్లో వచ్చేది. కణం ఆయుష్షు కూడా 120 రోజుల నుంచి పది ఇరవై రోజులకు పడిపోతుంది. రక్తం తక్కువ ఉండటం అందుకే.

హెచ్‌బీఎఫ్‌లో బీటా బదులు గామా గొలుసు ఉంటుంది. అది ఆ పోగులో కలవదు. తాడు పేనేటప్పుడు మధ్యలో కలవని పోచ పడితే పేట తెగిపోతుంది కదా, అలా. కణంలో హెచ్‌బీఎఫ్ ఎక్కువుంటే తాడు పేనుకోవడం ఆలస్యమవుతుంది, ఈలోగా కణం సన్న నాళం దాటి ఊపిరితిత్తులకు చేరి మళ్లీ ఆక్సిజన్ తీసుకుంటుంది.

మన్యం_ఏఎన్ఎం
పైన చెప్పిన ఆరేడు నెలల మాట నేను కళ్లారా చూస్తాను. పుట్టిన బిడ్డకు టెస్టులో సికిల్ అని వస్తే తల్లులు నమ్మరు. బిడ్డ బొద్దుగా, నవ్వుతూ ఉంటాడు. "నీ మిషనుకే జబ్బు" అని ఒకామె నన్ను గుమ్మం దగ్గరే నిలబెట్టేసింది. ఏడో నెలలో ఆమే నడుచుకుంటూ సబ్‌సెంటర్‌కి వచ్చింది. బిడ్డ రెండు అరచేతులూ బూరెల్లా వాచిపోయాయి, వేళ్లు ముడవలేక ఏడుస్తున్నాడు. అప్పటిదాకా కాపాడింది ఆ కడుపులోని రక్తమే అని నాకు ట్రైనింగ్‌లో చెప్పారు.

జన్యుపథం
ఏఎన్ఎం అక్క చెప్పిందే 1948లో అమెరికాలో జానెట్ వాట్సన్ అనే పిల్లల డాక్టరు గమనించింది. పుట్టిన పిల్లల్లో కొడవలి కణాలు తక్కువ, నెలలు గడిచేకొద్దీ పెరుగుతున్నాయి, పిండ హీమోగ్లోబినే దీనికి కారణం కావచ్చు అంది. తర్వాత అరవై ఏళ్లు అందరూ వెతికింది ఒకటే ప్రశ్న: పుట్టాక గామాను ఆపేస్తున్నది ఎవరు?

జవాబు దొరికింది 2007, 2008ల్లో. వేల మంది డీఎన్ఏ పోల్చి, హెచ్‌బీఎఫ్ ఎక్కువున్నవాళ్లకూ తక్కువున్నవాళ్లకూ తేడా ఎక్కడుందో చూశారు. లండన్‌లో స్వీ లే థైన్ అనే డాక్టరు బృందం ఒకవైపు, ఇటలీలోని సార్డీనియా దీవిలో తలసేమియా (హీమోగ్లోబిన్ సరిపడా తయారుకాని జబ్బు) మీద పని చేసినవాళ్లు మరోవైపు. రెండు దార్లూ ఒకే చోటికి వెళ్లాయి. రెండో క్రోమోజోమ్ మీద బీసీఎల్11ఏ అనే జన్యువు. అప్పటిదాకా అది తెల్లరక్త కణాలకు, లుకేమియాకు సంబంధించినదని మాత్రమే తెలుసు, పేరు కూడా అలాగే వచ్చింది. ఎర్ర రక్తంతో దానికి పనేమిటని అందరూ ఆశ్చర్యపోయారు. 2008లోనే బోస్టన్‌లో స్టువర్ట్ ఆర్కిన్ ల్యాబ్‌లో విజయ్ శంకరన్ వాళ్లు ఆ ప్రోటీన్‌ను తగ్గించి చూస్తే గామా మళ్లీ మేలుకుంది. ఈ పనికే 2024లో థైన్, ఆర్కిన్ ఇద్దరికీ షా ప్రైజ్ అనే పెద్ద సైన్సు బహుమతి వచ్చింది.

చెరువుకట్ట
మా ఊరి భాషలో చెప్పనా అన్నా? చెరువుకు రెండు తూములు అనుకోండి. ఒకటి గామా తూము, ఒకటి బీటా తూము. నీళ్లు అవే. బిడ్డ పుట్టేదాకా గామా తూము తెరిచి ఉంటుంది. తర్వాత నీరటి వచ్చి దాన్ని మూసేసి బీటా తూము వైపు నీళ్లు మళ్లిస్తాడు. ఈ బీసీఎల్11ఏ ఆ నీరటి. మా తాత చేసింది ఈ పనే. ఏ మడికి ఎప్పుడు నీళ్లు వదలాలో, ఎప్పుడు ఆపాలో ఆయన చెప్తేనే. ఆయన నాట్లు వేయడు, కోయడు, కానీ ఊరి పంట ఆయన చేతిలో ఉండేది.

జన్యుపథం
ఇంత చక్కగా నేను చెప్పలేను. ఇలాంటి ప్రోటీన్లను నియంత్రక ప్రోటీన్లు అంటాం. తాము స్వయంగా ఆక్సిజన్ మోయవు, డీఎన్ఏ మీద కూర్చుని ఏ జన్యువు పని చేయాలో, ఏది ఆగాలో చూస్తాయి. గామా జన్యువు మొదలయ్యే చోటికి దాదాపు 115 అక్షరాల ముందు టీ, జీ, ఏ, సీ, సీ, ఏ అని ఆరు అక్షరాలుంటాయి. బీసీఎల్11ఏ కూర్చునేది అక్కడే అని 2018లో తేలింది. కొన్ని కుటుంబాల్లో సరిగ్గా ఆ చోటే పుట్టుకతో అక్షరం మారి ఉంటుంది. వాళ్లకు జీవితాంతం హెచ్‌బీఎఫ్ ఎక్కువగానే ఉంటుంది. మామూలుగా బతికేస్తారు.

చెరువు పోలిక ఇంకో విధంగానూ సరిపోతుంది. గామా, బీటా రెండింటినీ నడిపే డీఎన్ఏ భాగం ఒకటే. గామా తెరుచుకుంటే ఆ మేరకు బీటా తగ్గుతుంది. సికిల్ సెల్‌లో మనకు కావలసిందీ అదే.

నిమ్మచెట్టు
చెరువుకట్ట గారి తాత గారికి కూడా షా ప్రైజ్‌లో వాటా రావాలి :)

చెరువుకట్ట
ఆయనకు ఏటా కల్లం దగ్గర ఇచ్చే వడ్లే ప్రైజు.

ఉట్నూరు_నాన్న
ఇప్పుడు కొంచెం వెలుగు కనిపిస్తోంది. మా దగ్గర కూడా నీరటి అంటే తెలుసు. కానీ నా ప్రశ్న అలాగే ఉంది. ఇద్దరూ మా పిల్లలే. పాప నీరటికీ బాబు నీరటికీ తేడా ఎందుకొచ్చింది?

గోదారిగట్టు
మా బాబుకు తలసేమియా, రాజమండ్రి నుంచి. నాకు తెలిసి మన దేశంలో సికిల్ వాళ్లకు ఎక్స్‌ఎంఎన్1 అనే రకం తేడా ఉంటుంది, దాని వల్ల హెచ్‌బీఎఫ్ ఎక్కువ. అందుకే ఇక్కడ జబ్బు తేలికగా ఉంటుందని చదివాను. బహుశా పాపకు అది వచ్చి ఉంటుంది, బాబుకు రాలేదు.

జన్యుపథం
గోదారిగట్టు గారూ, ఈ ఒక్క విషయంలో మీతో ఏకీభవించలేను. మీరు చెప్పిన తేడా ఉన్నమాట నిజం, దాన్ని అరబ్-ఇండియన్ రకం అంటారు. కానీ అది 11వ క్రోమోజోమ్ మీద, సికిల్ మార్పు ఉన్న బీటా జన్యువుకు పక్కనే ఉంది. తండ్రికి సికిల్ మార్పు ఉన్న 11వ క్రోమోజోమ్ ఒకటే, తల్లికీ ఒకటే. ఇద్దరు పిల్లలకూ జబ్బు వచ్చిందంటే ఇద్దరూ ఆ రెండు ముక్కల్నే తీసుకున్నారు. కాబట్టి ఆ ప్రాంతంలో అన్నాచెల్లెళ్లు దాదాపు అచ్చుగుద్దినట్టు ఒకటే. తేడా ఇంకెక్కడో ఉండాలి.

బీసీఎల్11ఏ ఉన్నది రెండో క్రోమోజోమ్ మీద. అది విడిగా వస్తుంది, అన్నకు ఒక రకం, చెల్లికి ఒక రకం రావచ్చు. ఎర్ర కణాల్లో ఈ ప్రోటీన్ ఎంత తయారవ్వాలో చెప్పే చిన్న డీఎన్ఏ ముక్క ఆ జన్యువు లోపలే ఉంది. అందులో ఒక్క అక్షరం తేడా ఉన్నా ప్రోటీన్ కొంచెం తగ్గుతుంది, హెచ్‌బీఎఫ్ కొంచెం పెరుగుతుంది. ఆరో క్రోమోజోమ్ మీద ఎంవైబీ అనే జన్యువు దగ్గర ఇంకో చోటు ఉంది, అదీ ప్రభావం చూపుతుంది. వయసూ ఉంది, చిన్నపిల్లల్లో కాస్త ఎక్కువ. ఆడపిల్లల్లో సగటున కొంచెం ఎక్కువ.

గోదారిగట్టు
ఒప్పుకుంటున్నాను. 11వ క్రోమోజోమ్ సంగతి నేను ఆలోచించలేదు. అంటే పాపకు బీసీఎల్11ఏ బలహీనమైనది వచ్చిందని తేల్చేయవచ్చా?

జన్యుపథం
తేల్చలేం. టెస్టు చేయకుండా ఎవరికి ఏది వచ్చిందో చెప్పడం తప్పు. తెలిసిన తేడాలన్నీ కలిపినా మొత్తం తేడాలో కొంత భాగానికే కారణం దొరుకుతుంది. ఆల్ఫా తలసేమియా (ఆల్ఫా గొలుసులు తక్కువ తయారవడం) కలిసి ఉన్నా జబ్బు తీరు మారుతుంది, అది మన గిరిజన ప్రాంతాల్లో బాగా ఉంది.

రక్తబిందువు
ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఉట్నూరు_నాన్న గారూ, పాప బాగుంది కదా అని చెకప్‌లు మానకండి. హెచ్‌బీఎఫ్ 23 ఉన్నా అది సికిల్ సెల్ జబ్బే. ప్లీహం (రక్తంలోని క్రిములను వడగట్టే అవయవం) పని తగ్గితే మామూలు జ్వరం కూడా ప్రమాదం. న్యుమోకోకల్ టీకా ఇద్దరికీ పడిందో లేదో చూడండి. మెదడుకు వెళ్లే రక్తనాళాల డాప్లర్ స్కాన్ ఎప్పుడు చేయించాలో ఇద్దరి గురించీ అడగండి. మన దేశంలో జబ్బు తేలిక అన్న మాట కూడా నాకు నచ్చదు. విదర్భ, ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చే పిల్లల్లో చాలా తీవ్రంగా ఉన్నవాళ్లను చూశాను.

నొప్పితో_నడక
నాకు 31 ఏళ్లు. సికిల్ సెల్ ఉంది. మా అక్కకూ ఉంది. ఆమెకు నొప్పులు తక్కువ, నాకు ఎక్కువ. చిన్నప్పుడు నన్ను కూడా నటిస్తున్నాడనే అన్నారు. పదో తరగతిలో ఒక సారు బెంచీ ఎక్కించారు, మోకాళ్లు పట్టేసి దిగలేకపోయాను. అప్పుడు కూడా నాటకమే అన్నారు. ఇప్పుడు ఈ చర్చ చదువుతుంటే, మా అక్కకూ నాకూ తేడా 11వ క్రోమోజోమ్‌లో లేదని తెలిసి ఎందుకో ఏడుపొచ్చింది. ఎవరైనా పదిహేనేళ్ల కింద మా నాన్నకు ఇది చెప్పి ఉంటే బాగుండేది.

ఉట్నూరు_నాన్న గారూ, మీ బాబుకు ముందు మీరు నమ్ముతున్నారని చెప్పండి. మిగతాది తర్వాత.

ఉట్నూరు_నాన్న
చెప్తాను తమ్ముడూ. ఈ రాత్రికే చెప్తాను.

బడిపంతులు_భద్రాచలం
నొప్పితో_నడక, ఆ బెంచీ సంగతి చదివి చేతులు ఆగిపోయాయి. మా స్కూల్లో అలాంటి పిల్లలు నలుగురున్నారు. నీళ్ల బాటిల్ బల్ల మీదే పెట్టుకోనిస్తాను, బాత్రూమ్‌కి అడక్కుండా వెళ్లమంటాను, చలికాలం పొద్దున ప్రేయర్‌లో బయట నిలబెట్టను. నీళ్లు తగ్గినా, చలి తగిలినా కణాలు వంగుతాయని ఒక డాక్టరమ్మ మాకు చెప్పింది. టీచర్లకు తెలియక చేసేవే ఎక్కువ.

గోదారిగట్టు
నాకొక అనుమానం. తప్పు ఉన్నది బీటా జన్యువులో. మరి నీరటి చుట్టూ ఇంత హడావిడి ఎందుకు? ఆ ఒక్క అక్షరం తప్పు దిద్దితే పోలేదా?

జన్యుపథం
దిద్దడానికీ ప్రయత్నాలు జరుగుతున్నాయి. కానీ క్రిస్పర్ అనే డీఎన్ఏ కత్తెర కోయడంలో దిట్ట, దిద్దడంలో కాదు. కోసిన చోట కణం తనే అతుకు వేసుకుంటుంది, ఆ అతుకులో ఒకటి రెండు అక్షరాలు పోతాయి. ఏదైనా పాడుచేయడానికి అది చాలు. కాబట్టి గామాను ఆపేవాణ్ని ఆపడం సులభం. ఇంకో లాభం మీకే. తలసేమియాలో బీటా జన్యువు పాడవడానికి వందల రకాల మార్పులున్నాయి, ఒక్కోదాన్ని దిద్దాలంటే ఒక్కో మందు కావాలి. గామా తెరుచుకుంటే ఏ మార్పు అయినా ఒకటే మందు.

నిమ్మచెట్టు
అయితే ఆ ప్రోటీన్‌ను మొత్తంగా తీసేయొచ్చు కదా? గామా తూము మూసేవాడే లేకపోతే గొడవ ఉండదు.

జన్యుపథం
కుదరదు, ఈ కథలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం అదే. ఆ నీరటి ఈ ఒక్క చెరువుకే కాదు. మెదడు ఎదుగుదలలోనూ, బి-కణాలు అనే తెల్లరక్త కణాల తయారీలోనూ అదే ప్రోటీన్ పని చేస్తుంది. బీసీఎల్11ఏ ఒక ప్రతి పాడై పుట్టిన పిల్లలు ప్రపంచంలో కొద్దిమంది ఉన్నారు. వాళ్లకు హెచ్‌బీఎఫ్ బాగా ఎక్కువ ఉంటుంది, కానీ మాటలు, నడక ఆలస్యం, బుద్ధి ఎదుగుదల తక్కువ. మరోవైపు ఈ ప్రోటీన్ అతిగా తయారైనా ముప్పే. లింఫోమా అనే కొన్ని రక్త క్యాన్సర్లలో, ఒక రకం రొమ్ము క్యాన్సర్‌లో దాని పాత్ర కనిపించింది. చెడ్డ ప్రోటీన్, మంచి ప్రోటీన్ అని ఉండదు. ఏ కణంలో, ఎప్పుడు, ఎంత అన్నదే లెక్క.

మరి దారేమిటి? ఇందాక చెప్పాను, ఎర్ర కణాల్లో ఈ ప్రోటీన్ తయారీని పెంచే చిన్న డీఎన్ఏ ముక్క జన్యువు లోపలే ఉందని. 2013లో అది దొరికింది. ఆ ముక్క ఎర్ర కణాల వంశంలోనే పని చేస్తుంది, మెదడులో చేయదు. అక్కడ గాటా1 అనే ఇంకో నియంత్రక ప్రోటీన్ వచ్చి కూర్చుంటేనే తయారీ ఊపందుకుంటుంది. ఆ కూర్చునే చోటును కోసేస్తే చాలు.

చెరువుకట్ట
అంటే నీరటిని చంపలేదు, ఈ చెరువు డ్యూటీ ఆర్డరు మాత్రం చింపేశారు. మిగతా ఊళ్లలో ఆయన పని ఆయన చేసుకుంటాడు.

జన్యుపథం
అదే. నూటికి నూరు పాళ్లు అదే.

డాలస్_సుజాత
అమెరికాలో ఎముక మజ్జ మార్పిడి వార్డులో నర్సుగా చేస్తాను. మీరు చెప్తున్న చికిత్స పేరు క్యాస్‌జెవీ. 2023 నవంబరులో బ్రిటన్‌లో, డిసెంబరు 8న అమెరికాలో అనుమతి వచ్చింది. అమెరికాలో దీన్ని మొదట తీసుకున్న సికిల్ సెల్ పేషెంట్ విక్టోరియా గ్రే, 2019 జులైలో. మిసిసిపీ రాష్ట్రం ఆవిడది, ఎన్నో సభల్లో మాట్లాడారు. చికిత్స తర్వాత ఆవిడ హెచ్‌బీఎఫ్ 40 శాతం పైకి వెళ్లింది. అనుమతి ఇచ్చేటప్పుడు లెక్కకు తీసుకున్న 31 మందిలో 29 మందికి వరుసగా కనీసం 12 నెలలు తీవ్రమైన నొప్పి రాలేదు.

కానీ ఇది ఇంజెక్షన్ వేసి ఇంటికి పంపేది కాదు. ముందు మందులిచ్చి మూలకణాలను రక్తంలోకి రప్పిస్తారు, మిషను మీద పెట్టి గంటల తరబడి తీస్తారు. ఒక్కోసారి చాలక మళ్లీ రమ్మంటారు. వాటిని ఫ్యాక్టరీకి పంపి ఎడిట్ చేసి తేవడానికి నెలలు పడుతుంది. తర్వాత బుసల్ఫాన్ అనే కీమో ఇచ్చి ఉన్న మజ్జనంతా ఖాళీ చేస్తారు. నోరంతా పుళ్లు, ఐస్ ముక్క కూడా మింగలేరు. జుట్టు రాలుతుంది. పిల్లలు పుట్టే అవకాశం దెబ్బతినవచ్చు, అందుకే ముందే అండాలు, వీర్యం దాచుకోమంటాం. వారాల తరబడి ఒకే గదిలో ఉండాలి. మా వార్డులో ఒకమ్మాయి ఎడిట్ చేసిన కణాలు ఎక్కించే రోజు సంచీ చూసి "ఇంతేనా?" అంది. ఇంత చిన్న సంచీ. ఆ తర్వాతి మూడు వారాలు ఆమె చేయి పట్టుకుని కూర్చున్నాం.

గోదారిగట్టు
ధర కూడా చెప్పండి మేడం.

డాలస్_సుజాత
2023లో అనుమతి వచ్చినప్పుడు 22 లక్షల డాలర్లు.

గోదారిగట్టు
అంటే అప్పటి లెక్కన 18 కోట్ల రూపాయల పైమాటే. ఉట్నూరు తండ్రికి ఇది చెప్పి ఏం లాభం? మా బాబుకు మూడు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి. దాత దొరికిన వారం మాకు పండగ. ఐరన్ దించే మాత్రలు నెలంతా వాడాలి. మాలాంటివాళ్లకు ఈ శాస్త్రం అంతా అద్దాల షాపులో బొమ్మే.

మన్యం_ఏఎన్ఎం
మీ కోపం అర్థమవుతుంది అన్నా. కానీ చవక మందు కూడా ఈ దారిలోనే పని చేస్తుంది, దాన్ని వదిలేయొద్దు. హైడ్రాక్సీయూరియా. మన దగ్గర చాలామందికి ఇది ఉందనే తెలియదు.

జన్యుపథం
అవును. 1995లో అమెరికాలో పెద్దవాళ్ల మీద చేసిన పరీక్షలో నొప్పులు దాదాపు సగానికి తగ్గాయి, 1998లో అనుమతి వచ్చింది. ఇది నేరుగా నీరటిని ఆపదు. మజ్జలో కణాల విభజనను అదుపు చేస్తుంది, దాంతో శరీరం హడావిడిగా తయారుచేసే కొత్త ఎర్ర కణాల్లో హెచ్‌బీఎఫ్ ఎక్కువ పడుతుంది. 2024లో నోవార్టిస్ అనే మందుల కంపెనీ శాస్త్రజ్ఞులు విజ్ అనే ఇంకో కాపలా ప్రోటీన్‌ను కరిగించేసే అణువును ఎలుకలు, కోతుల్లో పరీక్షించి హెచ్‌బీఎఫ్ పెరిగిందని చూపించారు. అది నోటిద్వారా తీసుకునే మాత్రగా రావాలన్నది ఆశ. ఢిల్లీలో ఐజీఐబీ అనే ప్రభుత్వ జన్యు పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు సొంతంగా క్రిస్పర్ కత్తెరను తయారుచేసి సికిల్ సెల్ మీదే పని చేస్తున్నారు, దానికి బిర్సా ముండా పేరు పెట్టారు. గోదారిగట్టు గారూ, ధర గురించి మీరన్నది కాదనను. నేను ల్యాబ్‌లో ఉన్నది ఆ అద్దం పగలాలనే.

గోదారిగట్టు
మీ మీద కోపం కాదు బాబూ. రాత్రంతా నిద్ర లేదు, మొన్న రక్తం దొరకలేదు. పని చేసేవాళ్లు చేస్తూనే ఉండాలి.

రక్తబిందువు
మీ బ్లడ్ గ్రూపు, ఊరు నాకు విడిగా పంపండి. రాజమండ్రిలో మా బ్యాచ్ వాళ్లున్నారు.

ఉట్నూరు_నాన్న
హైడ్రాక్సీయూరియా గురించి మాకు రెండేళ్ల కింద ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చెప్పారు. అది క్యాన్సర్ మందు, పిల్లాడికి ఇవ్వొద్దని మందుల షాపతను భయపెట్టాడు. కొనకుండానే వచ్చేశాం. అది ఇప్పుడు తలచుకుంటే గుండె పిండేసినట్టుంది.

నొప్పితో_నడక
నేను తొమ్మిదేళ్లుగా వాడుతున్నాను. ముందు ఏడాదికి ఐదారుసార్లు అడ్మిట్ అయ్యేవాణ్ని. పోయిన ఏడాది ఒక్కసారే. క్యాన్సర్‌లో కూడా వాడతారు, నిజమే, కానీ మనకు ఇచ్చే మోతాదు, ఉద్దేశం వేరు. మధ్యమధ్య రక్తపరీక్ష తప్పనిసరి, తెల్లకణాలు పడిపోతే ఆపి మళ్లీ మొదలుపెడతారు. రోజూ వేసుకోవాలి, నొప్పి వచ్చినప్పుడు వేసుకునే మాత్ర కాదు. పని మొదలవడానికి కొన్ని నెలలు పట్టింది. నాకు మొదటి రెండు నెలలు ఏ తేడా కనిపించక మానేద్దామనుకున్నాను.

డాలస్_సుజాత
పెద్దయ్యాక గర్భం ప్లాన్ చేసేటప్పుడు మాత్రం డాక్టరుకు ముందే చెప్పాలి. ఇది పాప విషయంలో గుర్తుంచుకోండి.

మన్యం_ఏఎన్ఎం
సొంతంగా మొదలుపెట్టకండి, డాక్టరు బరువు చూసి రాస్తారు. ప్రభుత్వ ఆసుపత్రిలో అడగండి, 2023 జులైలో మొదలైన సికిల్ సెల్ మిషన్‌లో మన రెండు రాష్ట్రాలూ ఉన్నాయి. మందు స్టాకు లేదంటే మళ్లీ వెళ్లండి, విసుగు పడకండి. నేనైతే మా వాళ్ల కోసం రిజిస్టరులో పేరు రాయించి మరీ తెప్పిస్తాను. దివ్యాంగుల చట్టం 2016 జాబితాలో కూడా ఈ జబ్బు ఉంది, సర్టిఫికెట్‌కు పెట్టండి.

ఇంకో మాట. మొదటి పోస్టులో ఆ పెద్దాయన చెప్పింది ఊరూరా వింటున్నాను. ఇద్దరూ క్యారియర్లయితే ప్రతి కాన్పుకూ నాలుగో వంతు అవకాశం, ప్రతిసారీ కొత్తగానే. మొదటి బిడ్డకు వచ్చిందని రెండో బిడ్డకు మినహాయింపు ఉండదు. చదివేవాళ్లు ఎవరైనా ఉంటే పెళ్లికి ముందే టెస్టు చేయించుకోండి. మేనరికం ఉన్న ఇళ్లలో మరీ.

చెరువుకట్ట
మేనరికం మాటెత్తితే మా మేనత్త నన్ను ఊళ్లోకి రానివ్వదు అక్కా :) కానీ మీరు చెప్పింది మా ఇంట్లో చదివి వినిపిస్తాను.

ఉట్నూరు_నాన్న
మూడు రోజుల తర్వాత రాస్తున్నాను. ఆ రాత్రే వాడి పక్కన కూర్చున్నాను. నువ్వు నటిస్తున్నావని నేను ఒక్కరోజు కూడా అనుకోలేదు అన్నాను. వాడు ఏమీ అనలేదు. తర్వాత నోట్‌బుక్ తీసి చెరువు బొమ్మ వేశాను, రెండు తూములు, నీరటి. మీరంతా చెప్పినట్టే, పుట్టాక దాదాపు ప్రతి మనిషిలోనూ నీరటి గామా తూము మూస్తాడు, మీ చెల్లికి అది పూర్తిగా మూసుకోలేదేమో అన్నాను. వాడు చాలాసేపు బొమ్మ చూసి అడిగాడు: "అంటే నా నీరటి తన పని కరెక్టుగా చేస్తున్నాడు, చెల్లె నీరటే పనిదొంగా?"

ఎన్నాళ్లకో నవ్వాం ఇద్దరం. పాప పక్కగదిలోంచి వచ్చి ఎవరు పనిదొంగ అని గొడవ.

జన్యుపథం
మీ వాడు సరిగ్గా పట్టుకున్నాడు. ఆ ప్రోటీన్ విషయంలో మీ బాబు శరీరం అందరి శరీరాల్లాగే నడుస్తుండవచ్చు. అదృష్టవశాత్తూ కాస్త భిన్నంగా ఉన్నది చెల్లి శరీరం. పెద్దయ్యాక ఈ దారిలోకి రమ్మనండి, మా ల్యాబ్‌లో స్టూలు ఖాళీగా ఉంచుతాను.

నిమ్మచెట్టు
మీ అమ్మ గారికి చెప్పారా?

ఉట్నూరు_నాన్న
ఆ బొమ్మే చూపించాం. చెప్పింది వాడే, నేను కాదు. ఆమె చదువుకోలేదు, కానీ నీరటి అనగానే అర్థమైంది. ఏమీ మాట్లాడకుండా వెళ్లి పొయ్యి మీద నీళ్లు పెట్టి, గుడ్డ ముంచి వాడి పిక్కలకు కాపడం పెట్టింది. నిన్న డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఇద్దరికీ రక్తపరీక్షలు రాశారు, అవి చూసి బాబుకు మందు మొదలుపెడతామన్నారు. పాపకు టీకా ఒకటి బాకీ ఉందట, అది వచ్చే మంగళవారం.

బడిపంతులు_భద్రాచలం
బాబు స్కూలుకు ఇవ్వడానికి ఒక ఉత్తరం రాసి పెడతాను. నీళ్లు, బాత్రూమ్, చలి, పీఈటీ పీరియడ్, జ్వరం వస్తే ఎవరికి ఫోన్ చేయాలి, అన్నీ ఒక్క పేజీలో. మా హెడ్మాస్టరుకు ఇచ్చింది అలాంటిదే. మీ డాక్టరు సంతకం ఒకటి పెట్టించుకోండి.

నొప్పితో_నడక
పంతులు గారూ, ఆ ఉత్తరం ఇక్కడే అందరికీ పెట్టండి. బెంచీ మీద నిలబెట్టకూడదు అని కూడా ఒక లైను రాయండి.

బడిపంతులు_భద్రాచలం
మొదటి లైనే అది.